ముందు పంట

నవంబరు 24. విత్తి తొమ్మిదో రోజు.

ఆఫీసు డైరీలో రాయదగ్గవి ఆఫీసు డైరీలో రాస్తున్నాను. రాయకూడనివి రాసుకోవడానికి ఈ నోటుబుక్కు. మా ఆవిడ ప్రూఫులు దిద్దే ప్రెస్సు నుంచి తెచ్చింది. అట్ట తలకిందులుగా కుట్టారట, అందుకని అమ్మలేదు. నాకు లోపల గీతలు తిన్నగా ఉంటే చాలు.

ఉద్యోగం వచ్చి పదిహేను రోజులైంది. గోధుమ పరిశోధన కేంద్రంలో క్షేత్ర సహాయకుడిని, తాత్కాలికం. ఈ పంట కోతయ్యేలోగా ఏ తప్పూ చెయ్యకపోతే పర్మనెంటు చేస్తామన్నారు. నేను తప్పు చేసే మనిషిని కాను కాబట్టి పర్మనెంటు అయినట్టే లెక్క.

ఇక్కడ జరిగే ప్రయోగం ఏమిటంటే, పోయిన పంట తాలూకు మోళ్ళూ చొప్పా మట్టిలో కలిపి దున్నేశాక దాని మీద వేసిన గోధుమ ఎలా పెరుగుతుంది, ఎంత యూరియా అడుగుతుంది అన్నది. నాలుగు పెద్ద మడులు. శనగ, మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, ఏమీ వెయ్యకుండా వదిలేసిన బీడు. ఇదంతా నాకు మొన్ననే తెలిసింది. చేరిన రోజు చెప్పింది ఒక్కటే: ఈ ఫారం నింపు, దాన్ని చూసి బోర్డులు రాయి. దస్తూరి బాగుంటుందనే నన్ను తీసుకున్నారని నా అనుమానం.

ఫారం ఈ ఏడాదే కొత్తగా అచ్చయింది. డైరెక్టరు గారికి భాషాభిమానం జాస్తి. పాత ఫారంలో 'ప్రీవియస్ క్రాప్' అని ఉండేదట. ఆయన దాన్ని కొట్టేసి, స్వహస్తాలతో 'ముందు పంట' అని రాశారు. గోడకు అంటించిన పెద్ద కాగితంలో ఏ మడికి ఏ పంటో ఉంది. దాన్ని చూసి నింపాను. బోర్డులు చూసినవాళ్ళంతా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నారు.

మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. మొదటిసారి సొంతంగా సేద్యం చేస్తున్నాడు, ఆరెకరాలు కౌలుకు తీసుకుని. పోయినసారి మొక్కజొన్న ఉన్న నేల. ఈ పంట సరిగా రాకపోతే నేల వెనక్కి తీసుకుంటానని ఆసామి ఖండితంగా చెప్పాడట. మేము విత్తిన రోజే, మమ్మల్ని చూసి, గంట అటూ ఇటూగా వాడూ విత్తాడు.

"యూరియా ఎప్పుడెయ్యాలో, ఎంతెయ్యాలో నువ్వు చెప్పు బావా. నువ్వు ఎంతంటే అంత."

ఇంతవరకు నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. దువ్వెన ఎక్కడుందని మాత్రం మా ఆవిడ అడుగుతుంది.

నవంబరు 27

శనగ బోర్డున్న మడిలో కలుపు తీయిస్తుంటే మొక్కజొన్న మోడు ఒకటి బయటపడింది, వేళ్ళతో సహా. కుక్కలు తెచ్చి పడేసి ఉంటాయి.

నవంబరు 28

ఇంకో పదకొండు. ఈ కేంద్రంలో కుక్కలు ఎక్కువ.

డిసెంబరు 2. పదిహేడో రోజు.

గోధుమ మాట వినడం లేదు.

మట్టి పరీక్షల మేడం నాకు ముందే విడమరిచి చెప్పారు. "మొక్కజొన్న చొప్పలో పీచే ఎక్కువ, నత్రజని తక్కువ. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి నత్రజని కావాలి. చొప్పలో దొరక్కపోతే మట్టిలో ఉన్నదంతా అవే తినేస్తాయి. గోధుమది చివరి పంక్తి. మిగిలితే తింటుంది, లేకపోతే పాలిపోతుంది. అందుకే మొక్కజొన్న తర్వాత మొదట్లో యూరియా కాస్త ఎక్కువ వెయ్యాలి. శనగ మోళ్ళు అలా కాదు, తొందరగా కుళ్ళిపోయి ఉన్నది వదిలేస్తాయి. అక్కడ తక్కువ వేసినా చాలు."

కానీ మొక్కజొన్న బోర్డున్న మడిలో గోధుమ ముదురు ఆకుపచ్చగా మిసమిసలాడుతోంది, యూరియా గింజ పడని చోట కూడా. శనగ బోర్డున్న మడిలో వారం రోజులు జ్వరపడి లేచినట్టుంది. మిగతా రెండు మడులూ ఎవరిష్టం వాళ్ళదే అన్నట్టున్నాయి.

డైరెక్టరు గారు గట్టు మీద నిలబడి గోధుమ వైపు చాలాసేపు చూశారు. గోధుమ తల దించుకోలేదు.

తర్వాత మీటింగు. శనగ వెళ్ళిపోతూ నత్రజనిని తన వెంట తీసుకుపోతోందేమోనని ఒకరన్నారు. మొక్కజొన్నది మొదటి నుంచీ ఉదార స్వభావమని ఇంకొకరన్నారు. మేడం మాత్రం, "ఒకసారి బోర్డులు సరిచూద్దామా?" అన్నారు. అందరూ నా వైపు చూశారు. నా దస్తూరిలో ఏమైనా లోపముందా అని అడిగాను. లేదు లేదని అందరూ నన్ను సముదాయించారు. తర్వాత అరగంట దస్తూరి గురించే మాట్లాడుకుని టీ తాగి లేచారు.

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. అసలు గుమ్మడికాయే లేనప్పుడు తడుముకోవడం దేనికి?

డిసెంబరు 4

"ప్రపంచం ఇన్నాళ్ళూ పొరపాటు పడిందయ్యా," అన్నారు డైరెక్టరు గారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చూసిన పంటలన్నీ పుస్తకంలో రాసినట్టే పెరిగాయట. ఒక్కటైనా ఎదురు తిరుగుతుందేమోనని ఎదురుచూశారట.

రైతులకు పాంప్లెట్ వేస్తారు. పేరు 'మొక్కజొన్న మోళ్ళుంటే యూరియా దండగ'. కింద ఆయన పేరు, ఇంకా కింద చిన్న అక్షరాల్లో 'క్షేత్ర పరిశీలన' అని నా పేరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి కింద పనిచెయ్యడంలో సుఖముంది. నాలుగో కాలు సంగతి మనం చూసుకోనక్కర్లేదు.

డిసెంబరు 5

బావమరిది ఫోను. "రేపు ఇరవై ఒకటో రోజు బావా. మొదటి తడి పెడుతున్నా. యూరియా ఎన్ని బస్తాలు?"

"ఒక్కటీ వద్దు."

"పక్క చేలవాళ్ళంతా వేస్తున్నారు."

"వాళ్ళకి పాత చదువు," అన్నాను.

"సరే బావా," అన్నాడు.

ఫోను పెట్టేశాక అద్దంలో చూసుకున్నాను. పరిశోధకుడి పోలికలు ఎప్పటి నుంచో ఉన్నాయి, నేనే గమనించలేదు.

డిసెంబరు 6

నీళ్ళు పెట్టాడట. యూరియా వెయ్యలేదట. బుద్ధిమంతుడు.

డిసెంబరు 10. ఇరవై అయిదో రోజు.

పాంప్లెట్ మా ఆవిడ పనిచేసే ప్రెస్సుకే వచ్చింది. సాయంత్రం ప్రూఫు ఇంటికి తెచ్చి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని నా పేరు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

"ఏమండీ, ఈ 'ముందు పంట' అంటే పోయిన పంటా, రాబోయే పంటా?"

"పోయిందే. ఎందుకు?"

"చదివేవాడికి రెండూ తోస్తాయి. 'ముందు చెప్పాను కదా' అంటే పోయిన మాట. 'ముందు ముందు చూద్దాం' అంటే రాబోయేది. 'గత పంట' అని మార్చమంటారా?"

"డైరెక్టరు గారి మాట. మార్చకూడదు," అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

చెప్పులేసుకుని ఆఫీసుకు వెళ్ళాను. ఇంకా వెలుతురుంది. గోడ మీద ఆ పెద్ద కాగితం తలభాగాన్ని కప్పేస్తూ ఎరువుల కంపెనీ క్యాలెండరు వేలాడుతోంది. క్యాలెండరు పైకెత్తాను. 'వచ్చే సీజనుకు వేయవలసిన పంటల ప్రణాళిక' అని ఉంది.

గోధుమ కోశాక ఏ మడిలో ఏం వెయ్యాలో ఆ కాగితం. దాన్ని చూసి, ఆ మడిలో ఇంతకుముందు ఏమున్నదో బోర్డు రాశాను.

కాపలా తాత గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. శనగ బోర్డున్న మడిలో పోయినసారి ఏముండేది తాతా అని అడిగాను.

"మొక్కజొన్న బాబూ. ఆ కంకులకి నేనే గదా కాపలా. దాని పక్కదాంట్లో శనగ. మీ బోర్డులు చూసి నాకూ అనుమానమొచ్చింది. చదువుకున్నవాళ్ళు రాశారు గదా, నా కళ్ళే మోసం చేశాయిలే అనుకున్నా."

"మోళ్ళు కుక్కలు తెచ్చాయనుకున్నాను," అన్నాను.

"ఇక్కడ కుక్కలెక్కడున్నాయి బాబూ?"

ఇంటికొచ్చేసరికి ప్రూఫు పూర్తయింది. రెండు కామాలు, ఒక దీర్ఘం దిద్దిందట. మిగతాదంతా సరిగ్గానే ఉందంది.

డిసెంబరు 11

నేను ఏ తప్పూ చెయ్యలేదు. 'ముందు' అన్న మాటకు రెండు అర్థాలుండటం నా తప్పు కాదు. క్యాలెండరు అక్కడ తగిలించింది నేను కాదు. శనగ వేసిన చోట మొక్కజొన్న, మొక్కజొన్న వేసిన చోట శనగ వెయ్యాలని ప్రణాళిక గీసింది కూడా నేను కాదు. వాళ్ళు అలా అటుదిటు ఇటుదటు గియ్యకపోతే గోధుమ ఇంత బాగా తిరగబడేది కాదు.

చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బావమరిది చేను పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇందులో 'ముందు' ఏ ముందో ఆలోచిస్తూ కూర్చున్నాను, అన్నం చల్లారిపోయింది.

డిసెంబరు 12

నేను ఏ తప్పూ చెయ్యలేదు. పాంప్లెట్లు వచ్చాయి, రెండు వేలు. అక్షరదోషం ఒక్కటి లేదు.

డిసెంబరు 15. ముప్పయ్యో రోజు.

ఇవాళ నా మనసు తేలికపడింది. నేనే ఫోను చేశాను.

"చేనెలా ఉందిరా?"

"పచ్చబడింది బావా."

"బాగా పచ్చబడిందా?"

"బాగా. రోజురోజుకీ ఎక్కువవుతోంది."

"అంతటా అలాగే ఉందా?"

"అంతటా అలాగే. అలాగే ఉండాలా బావా?"

"అలాగే ఉండాలి," అన్నాను.

చూశావా! నేల నేలకూ తేడా ఉంటుంది. వాడి మట్టి మంచిదై ఉంటుంది. అనవసరంగా కంగారుపడ్డాను. రాత్రి రెండుసార్లు వడ్డించుకున్నాను.

డిసెంబరు 17

మా ఆవిడ ఎర్ర పెన్ను మూత పెడుతూ అడిగింది. "తమ్ముడు చేను పచ్చబడిందంటే మీరు సంతోషించారట. ఏ పచ్చ?"

"పచ్చలో రకాలేమిటి?"

"ఆకుపచ్చా, పసుపుపచ్చా? కామెర్లొచ్చినవాడు పచ్చబడ్డాడంటే ఆరోగ్యం బాగుందనా?"

నాకు పనుందని లేచాను. పని ఏమిటో తోచక గడియారానికి కీ ఇచ్చాను. అది బ్యాటరీ గడియారం.

డిసెంబరు 18

ఫోను పనిచెయ్యడం లేదు. నేను ఎత్తి చూడలేదు కాబట్టి కచ్చితంగా చెప్పలేను.

డిసెంబరు 19. ముప్పై నాలుగో రోజు.

బస్సెక్కి వెళ్ళాను. దూరం నుంచే కనిపించింది. చుట్టూ అందరి చేలూ ఆకుపచ్చగా ఉన్నాయి, నడుమ ఆరెకరాలు పసుపు. కింది ఆకులు కొసల నుంచి ఎండుతున్నాయి. ఒక్కో మొక్కకు పిలకలు నాలుగైదు ఉండాల్సిన చోట ఒకటో రెండో. మా కేంద్రంలో శనగ బోర్డు కింద ఉన్న గోధుమ ఎలా ఉందో అచ్చం అలాగే.

పంపు షెడ్డు తలుపుకు మా పాంప్లెట్ అంటించి ఉంది. నా పేరు కింద ఎర్ర గీత.

"ఇవాళే యూరియా వెయ్యాలిరా," అన్నాను.

"దండగ అని రాశావు గదా బావా."

"రాసింది డైరెక్టరు గారు."

"కింద నీ పేరుంది."

"చిన్న అక్షరాల్లో ఉంది."

"దగ్గరికెళ్ళి చదివాను."

ఆ మాట తప్పని చెప్పాను. వాడు నవ్వాడు. "నా చేను చూసి జాలిపడి అంటున్నావు. నువ్వు పైకి చెప్పవుగానీ నీ మనసు నాకు తెలుసు."

"జాలి కాదురా. నిజంగా తప్పు."

"ఊళ్ళో అందరూ నవ్వారు బావా. మీ బావ మాట వింటే మునుగుతావురా అన్నారు. మా బావ మాట తప్పైతే మీసం తీసేస్తానన్నాను. ఇప్పుడు బస్తా భుజాన వేసుకుని ఈ బాటన వెళ్ళానంటే ఏమంటారు? చేను పోతే నాకొక్కడికే నష్టం. నీ మాట పోతే అక్క ఈ ఊరికి తలెత్తుకుని రాగలదా?"

ఆరెకరాలు నా పరువు కోసం ఎండబెడుతున్నాడు. నాకు అంత పరువుందని నాకే తెలియదు.

"మీ ఆఫీసువాళ్ళు నలుగురిలో తప్పని చెబితే వేస్తాను," అన్నాడు చివరికి.

నలభై అయిదో రోజు దాటాక ఎంత వేసినా పోయిన పిలకలు రావు. ఇంకా పదకొండు రోజులుంది.

డిసెంబరు 20

డైరెక్టరు గారికి చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. బోర్డులు తారుమారయ్యాయి సార్, గోధుమ తప్పేమీ లేదు సార్, పుస్తకంలో ఉన్నట్టే పెరిగింది సార్, 'ముందు' దగ్గర పొరపడ్డాను సార్.

ఆయన కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నారు. "అయితే 'ముందు' అన్న నా మాట తప్పంటావా?" అన్నారు.

"మాట తప్పు కాదు సార్. నేను..."

"అది తేలాలి కదా," అన్నారు.

డిసెంబరు 22. ముప్పై ఏడో రోజు.

'ముందు' మీద మీటింగు. పొద్దున మొదలై భోజనాల దాకా సాగింది.

"ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఇక్కడ ముందు అంటే గతం," అన్నారొకరు. రాసుకున్నారు. "ముందుంది ముసళ్ళ పండగ. ఇక్కడ భవిష్యత్తు," అన్నారింకొకరు. అదీ రాసుకున్నారు. "ముందు కూర్చోండి, అంటే స్థలం," అన్నాడు టైపిస్టు. అది కాలానికి సంబంధించింది కాదని కొట్టేశారు. చివరికి చెవుల పక్షానికి ఆరు ఓట్లు, ముసళ్ళ పక్షానికి ఆరు.

గోధుమ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను రెండుసార్లు లేచి, నలభై అయిదో రోజు దగ్గరపడుతోందని చెప్పాను. రెండుసార్లూ దాన్ని 'ముందు'కు ఉదాహరణగా రాసుకున్నారు.

తీర్మానం మధ్యాహ్నం టైపయింది. నకలు నా దగ్గరుంది. బోర్డుల మీద ఉన్నది తప్పు కాదు, తొందర మాత్రమే. వచ్చే సీజనులో బోర్డుల ప్రకారమే పంటలు వేస్తారు కాబట్టి బోర్డులు అప్పటికి వాటంతటవే నిజమవుతాయి. ఈలోగా గోధుమ రాబోయే పంటను పసిగట్టి పెరిగినట్టుగా భావించి, ఆ గుణానికి 'ముందుచూపు' అని పేరు పెట్టాలి. పాంప్లెట్ యథాతథం. ఇరవై ఎనిమిదిన రైతులను పిలిచి గోధుమ ముందుచూపును ప్రదర్శించాలి.

బయటికొస్తుంటే మట్టి పరీక్షల మేడం నా పక్కన నడిచారు. "నాకు మొదటి వారమే తెలుసు," అన్నారు. "ప్రతి మడి మట్టీ పరీక్ష చేశాను. చెప్పబోయాను."

"గట్టిగా చెప్పాల్సింది మేడం."

"పోయిన ఏడాది ఒకటి గట్టిగా చెప్పాను. మెమో వచ్చింది. అప్పటి నుంచి బోర్డులు సరిచూద్దామా అని మాత్రమే అంటున్నాను."

డిసెంబరు 25

ఏమీ చెయ్యలేదు.

డిసెంబరు 26

ఏమీ చెయ్యలేదు. మా ఆవిడ నన్నేమీ అడగలేదు. నా ఈ నోటుబుక్కు టేబులు మీద ఉన్నచోటు నుంచి నాలుగు వేళ్ళ మేర జరిగి ఉంది. లోపల ఒక చోట 'పరిశోదకుడి'ని ఎర్ర సిరాతో 'పరిశోధకుడి' అని దిద్ది ఉంది. అంటే అన్నీ చదివింది.

డిసెంబరు 28. నలభై మూడో రోజు.

రైతులు నూటయాభై మంది దాకా వచ్చారు. బావమరిది ఊరివాళ్ళను పదిమందిని వెంటేసుకుని వచ్చి, ఇస్త్రీ చొక్కాతో మొదటి వరసలో కూర్చున్నాడు. డైరెక్టరు గారు గోధుమ ముందుచూపు గురించి ముప్పావు గంట మాట్లాడారు. తర్వాత, "ఈ పరిశీలనకు కారకుడు మన క్షేత్ర సహాయకుడు, నాలుగు ముక్కలు చెబుతాడు," అని మైకు నాకిచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మా బావమరిదే. పక్కవాళ్ళ వైపు తిరిగి మరీ కొట్టాడు.

మైకు పట్టుకుని నిలబడ్డాను. ఇంట్లో అద్దం ముందు చెప్పుకున్నదంతా పోయింది. మైకు కుర్చీలో పెట్టి, మడిలోకి దిగి, శనగ అన్న బోర్డు పట్టుకుని లాగాను.

రాలేదు. నేనే పాతాను, రెండడుగుల లోతున. తప్పు చేసే మనిషిని కాను కదా, గట్టిగా పాతాను. అటూ ఇటూ ఊపుతున్నాను, నూటయాభై మంది చూస్తున్నారు. డైరెక్టరు గారు, "ఏమయ్యా, ఏమయ్యా," అంటున్నారు.

ఇంతలో నా చేతుల పక్కన ఇంకో రెండు చేతులు పడ్డాయి. బావమరిది. ఇస్త్రీ చొక్కా మోచేతుల దాకా మడిచాడు.

"ఎందుకో చెప్పు బావా, లాగుతూనే వింటాను."

"ఇది అక్కడికి. అక్కడున్నది ఇక్కడికి."

"సరే," అన్నాడు. బోర్డు ఊడింది. దాన్ని నాకిచ్చి, పక్క మడిలోకి దిగి మొక్కజొన్న బోర్డు ఒక్కడే పెరికి భుజాన వేసుకుని వచ్చాడు. రెండు మడుల నడుమ గట్టు మీదకొచ్చేసరికి ఆగిపోయాడు. తను వదిలి వచ్చిన ముదురాకుపచ్చ గోధుమను చూశాడు. ఎదురుగా ఉన్న పసుపును చూశాడు. భుజం మీది బోర్డును తిప్పి మళ్ళీ చదివాడు.

"ఈ పాలిపోయిందా మొక్కజొన్న మీద వేసింది?"

"అవును."

"అంటే నా చేను..."

"ఆకలితో ఉందిరా. యూరియా ఇస్తే లేస్తుంది. ఎల్లుండి దాకా టైముంది."

"తప్పు ఎవరిది బావా?"

డైరెక్టరు గారిదని చెప్పొచ్చు. క్యాలెండరుదని, తెలుగుదని చెప్పొచ్చు. ఈ నోటుబుక్కులో అవన్నీ రాసి పెట్టుకున్నాను కూడా.

"నాది," అన్నాను. వెనక వరసవాళ్ళకు వినిపించిందో లేదోనని ఇంకోసారి గట్టిగా అన్నాను. "బోర్డు తప్పు రాశాను. తెలిశాక కూడా పద్దెనిమిది రోజులు ఊరుకున్నాను. మొక్కజొన్న మోళ్ళ మీద గోధుమ వేసినవాళ్ళు యూరియా వెయ్యండి. నా పేరున్న కాగితం చించెయ్యండి."

వాడి ఊరివాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. బావమరిది మొహం నేను చూడలేకపోయాను. వాడు మాత్రం బోర్డు తీసుకెళ్ళి పాలిపోయిన మడిలో పాతి, చుట్టూ మట్టి కాలితో తొక్కి, నిట్టనిలువుగా ఉందో లేదో చూసి, నా వైపు తిరక్కుండా వెళ్ళిపోయాడు.

డిసెంబరు 29

మెమో వచ్చింది. 'అనుమతి లేకుండా బోర్డులను స్థానభ్రంశం చేసి, గోధుమ ముందుచూపునకు భంగం కలిగించినందున' జనవరి ఒకటి నుంచి నేను రానక్కర్లేదు.

డిసెంబరు 30. నలభై అయిదో రోజు.

ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు. ఫోను పనిచేస్తోంది. ఎత్తి చూశాను.

జనవరి 2

"వేశాడట," అంది మా ఆవిడ, ప్రూఫు మీద నుంచి తల ఎత్తకుండా.

"ఎప్పుడు?"

"ఆ రోజే. తిరుగు దారిలోనే బస్తాలు వేయించుకుని వెళ్ళాడట. మర్నాడు పొద్దున నీళ్ళు పెట్టి చల్లాడట."

"నన్నేమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. మీసం తీసేశాడట."

మా ఆవిడ మొహం గంభీరంగానే పెట్టింది గానీ భుజాలు కదిలాయి. నాకు నవ్వు రాలేదు. ఆ మీసం వాడికి పదిహేడో ఏట నుంచి ఉంది. మా పెళ్ళి ఫొటోలో కూడా దాన్నే ముందు పెట్టుకుని నిలబడ్డాడు.

పాత పేజీలు చదువుకున్నాను. మొదటి మోడు చేతిలోకి తీసుకున్న రోజే నాకు తెలుసు. వేళ్ళకు మట్టి అంటుకుని ఉంది. కుక్క తెచ్చిన మోడుకు మట్టి అలా అంటుకోదు.

జనవరి 9

ప్రెస్సులో బోర్డులు రాసేవాడు కావాలన్నారట. వెళ్ళి రాసి చూపించాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయన్నారు. ఏం రాయాలో వాళ్ళే కాగితం మీద రాసివ్వాలని షరతు పెట్టాను.

జనవరి 24. విత్తి డెబ్బయ్యో రోజు.

మా ఆవిడ, "మీరు వెళ్ళకపోతే నేను వెళ్తాను, అప్పుడు ఇంకా అసహ్యంగా ఉంటుంది," అంది. వెళ్ళాను.

చేను లేచింది. పక్క చేలంత ఒత్తుగా లేదు, పోయిన పిలకలు పోయినట్టే. కానీ ముదురు ఆకుపచ్చ, నడుము దాకా పెరిగి, పొట్ట మీదుంది. నేల వాడికే ఉంటుందని ఆసామి చెప్పి వెళ్ళాడట. బావమరిది గట్టు మీద నీళ్ళకు దారి చేస్తున్నాడు. మీసం లేని మొహంతో వాడు ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. నన్ను చూసి పార పక్కన పెట్టి, "రా బావా," అన్నాడు.

అప్పుడు చూశాను. బాట పక్కనే, అందరికీ కనిపించే చోట, నాలుగు సాళ్ళ వెడల్పున, చేను ఈ కొస నుంచి ఆ కొస దాకా పసుపు పట్టీ. మోకాలి ఎత్తు కూడా లేదు. ఒక్క యూరియా గింజ పడలేదు దాని మీద.

"ఇక్కడ మర్చిపోయావా?" అన్నాను.

"మర్చిపోలేదు. చల్లుతూ చల్లుతూ ఇక్కడికొచ్చేసరికి మనసొప్పలేదు. నీ మాట మొత్తం తోసేసినట్టవుతుంది కదా. సరే, ఇంతవరకూ బావ మాట, మిగతాది తిండికి అనుకున్నా."

గట్టు మీద కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, రాసుకోవడానికి సిగ్గెందుకు. మా కేంద్రంలో ఇంతమంది కలిసి చెయ్యలేని ప్రయోగం వాడు ఒక్కడే చేశాడు. ఒకే నేల, ఒకే మోళ్ళు, ఒకే విత్తనం. యూరియా వేసింది ఇటు, వెయ్యనిది అటు.

బాటన పోతున్న ముసలాయన సైకిలు ఆపాడు. "పైరంతా బాగుంది. ఇక్కడ ఈ పచ్చ పట్టీ ఏమిటయ్యా, తెగులా?"

బావమరిది పార అందుకుని మళ్ళీ నీళ్ళకు దారి చేస్తూ, తల తిప్పకుండా చెప్పాడు.

"కాదండీ. అది మా బావ."